కళాశాలల బాస్కెట్ బాల్ పోటీలును మన కర్తవ్యమును

(మన సంఘ సభ్యుల సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయమును కార్యదర్శిగారు తెలియజేసినప్పుడు మొదట మాకు నవ్వు వచ్చెను. ఈ సంఘ సభలలో పాఠశాలలయందు తెలుగు బోధనను గూర్చి మాటలాడితిమి, ఉగాదికి పంచాంగ శ్రవణము జరిపితిమి, ధర్మసత్రముల లెక్కలను గూర్చి వాదులాడుకొంటిమి. బంతియాటను గూర్చి మాత్రము ఎవ్వరును ప్రసంగించిన జ్ఞాపకము లేదు. తరువాత ఆలోచింపగా ఇది నవ్వి విడువదగిన విషయము కాదని తోచినది.

సంగతి యిది. మన యువసభ్యులు కొందరును, వారి తండ్రులు కొందరును చేరి సంఘమునకొక ఉత్తరము వ్రాసియున్నారు. కోయంబత్తూరు, మధుర ప్రాంతముల కళాశాలలలో చదువుచున్న తెలుగు విద్యార్థులకు మాత్రమే ప్రత్యేకించి యేటేట ఒక బాస్కెట్ బాల్ టోర్నమెంటు జరిపి, గెలిచిన జట్టునకు వెండి కప్పు బహూకరింపవలెనని వారి కోరిక. ఉత్తరము చక్కని తెలుగులో నున్నది. అందుకు ముందుగ వారిని అభినందించుచున్నాము. దానిపై మా యభిప్రాయమును సభకు నివేదింపుమని కార్యవర్గమువారు కోరిరి. మేము ఈ యాటలో నిపుణులము కాము. చదువుకొను దినములలో కళాశాల జట్టులో నుంటిమి గాని, మొదటి యైదుగురిలో ఏనాడును లేము. అయినను బెంచీమీద కూర్చుండినవానికి ఆట కొంచెము ఎక్కువగనే కనబడును.

ఆట తెలియని పెద్దల కొరకు రెండు మాటలు. ఇది 1891 డిసెంబరులో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణపు వై.ఎం.సి.ఏ. శిక్షణాలయమున పుట్టినది. మంచు కాలమున ఇంటిలోపల ఆడదగిన ఆట యొకటి కావలసి, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు పీచు పండ్ల బుట్టలు రెండింటిని పది యడుగుల యెత్తున కట్టించి, పదుమూడు నిబంధనలు వ్రాసి, తొమ్మండుగురు చొప్పున రెండు జట్లుగ ఆడించెను. బంతి బుట్టలో పడినప్పుడెల్ల ఒకరు పైకెక్కి దానిని తీయవలసి వచ్చెడిది. బుట్టకు అడుగు తీసివేసిన సరిపోవునను ఆలోచన వారికి తరువాత గాని రాలేదు. నేడు ఒక్కొక్క జట్టున ఐదుగురు ఆడుదురు. బుట్ట యెత్తు మాత్రము ఆ పది యడుగులే.

ఆ మసాచుసెట్సు రాష్ట్రము మధురవారికి క్రొత్తది కాదు. 1834లో మధురకు వచ్చిన అమెరికన్ మిషనువారి కేంద్రము ఆ రాష్ట్ర రాజధానియైన బోస్టనులోనే యుండెను. మధురలోని అమెరికన్ కాలేజీ 1881లో ఆ మిషనువలన వెలసినదే. 1920లో మదరాసున హారీ క్రో బక్ గారు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిన పిదప, అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయులద్వారా ఇట్టి ఆటలు దక్షిణదేశపు పాఠశాలలకు ప్రాకినవి. పురుషుల జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో మొదలయ్యెను. జాతీయ సమాఖ్య 1950లో ఏర్పడెను. ఒలింపిక్ క్రీడలలో మన పురుషుల జట్టు ఆడినది ఒక్కసారియే, 1980లో మాస్కోలో. పండ్రెండు జట్లలో పండ్రెండవ స్థానము వచ్చినది. దానిని దాచిపెట్టవలసిన పని లేదు.

మన యిండ్లలో పిల్లలు దీనిని తమిళములోవలె 'కూడై పందు' అనియే అందురు. గంపబంతి యని మేమొకసారి యనగా మనుమలు పడిపడి నవ్విరి. కనుక బాస్కెట్ బాల్ అనియే అందుము.

ఇక టోర్నమెంటు సంగతి. పదునారు కళాశాలల జట్లు పోటీకి వచ్చినవనుకొందము. ప్రతి జట్టును ప్రతి జట్టుతో ఆడించినచో నూట యిరువది ఆటలు జరుపవలెను. అన్ని దినములు ఏ కళాశాలయు సెలవీయదు, ఏ విద్యార్థియు పాఠములు మానలేడు. అందుచేత ఓడిన జట్టు ఇంటికి పోవునట్లు పోటీలు నడుపుదురు. దీనినే నాకౌట్ అందురు. అప్పుడు పదునైదు ఆటలతో పని ముగియును. ఎన్ని జట్లున్నను అంతకు ఒకటి తక్కువ ఆటలు చాలును, ఏలయనగా ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క జట్టు వెడలిపోవును, తుదకొకటి మిగులును. జట్లు పదునొకండే వచ్చినచో, లెక్క సరిపుచ్చుటకు ఐదు జట్లను మొదటి సుత్తు ఆడనీయక పైకి పంపుదురు; దానికి 'బై' అని పేరు. లెక్క చాల సొగసుగ నున్నది గాని, దాని లోపలి కాఠిన్యమును గమనింపుడు. పదునారు జట్లలో ఎనిమిది జట్ల కథ మొదటి యాటతోనే ముగియును. ఏడాది పొడుగున తెల్లవారుజామున లేచి, పరుగులు తీసి, మోకాళ్లు చెక్కుకొని చేసిన సాధన యంతయు నలువది నిమిషములలో తేలిపోవును. ఆ దినము జ్వరము వచ్చినను, బస్సు తప్పినను, రెఫరీ కన్ను ఒక్కసారి ప్రక్కకు తిరిగినను మరల అవకాశము లేదు.

ఈ కాఠిన్యము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో కళాశాలలు కొన్ని కొన్ని చేరి కూటములుగ నేర్పడినవి. వానిని కాన్ఫరెన్సులందురు, ఉపన్యాసముల కాన్ఫరెన్సు గాదు, ఆటల కూటమి. శీతకాలమంతయు ఆ కూటమిలోని జట్లు తమలో తాము ఆడుకొనును. తుదకు మార్చి మాసమున, మనకు మాసి పోయి ఫాల్గుణము వచ్చు దినములలో, ఆ జట్లన్నియు ఒకచోట చేరి కొన్ని దినములలో నాకౌట్ పోటీ ముగించును. సంవత్సరమంతయు గెలిచినవాడు ఆ కొద్ది దినములలో ఓడవచ్చును. సంవత్సరమంతయు తడబడినవాడు గెలువవచ్చును.

1974 మార్చి 9న అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సు తుది పోటీలో నార్త్ కరోలినా స్టేట్, మేరీలాండ్ జట్లు ఎదురెదురుగ నిలిచినవి. రెండును ఆనాడు దేశములోని మేటి జట్లు. నిర్ణీత కాలము ముగియునప్పటికి సమానముగ నుండగా అదనపు సమయము ఇచ్చిరి. తుదకు 103-100తో నార్త్ కరోలినా స్టేట్ గెలిచినది. ఆ సంవత్సరము జాతీయ విజేతయు అదియే. మేరీలాండ్ జట్టునకు ఏమి మిగిలినది? జాతీయ పోటీలకు ఒక్కొక్క కూటమినుండి ఒక్క జట్టునే ఆనాడు అనుమతించెడివారు. మూడు పాయింట్ల తేడాతో ఓడిన ఆ మేటి జట్టు జాతీయ పోటీల ద్వారమును గూడ చూడలేదు. ఈ యన్యాయము అందరి కంటికిని తగిలినది. మరు సంవత్సరము 1975లో జాతీయ పోటీలకు ముప్పది రెండు జట్లను చేర్చి, ఒక కూటమినుండి ఒకటికంటె నెక్కువ జట్లు పోవుటకు వీలు కల్పించిరి. ఆటగాండ్ర కష్టమును చూచి నిబంధనను మార్చిరి. ఇది మనము గుర్తుంచుకొనదగినది.

రెండవ ముఖమును చూడుడు. 1983లో అదే నార్త్ కరోలినా స్టేట్ జట్టు సంవత్సరమంతయు సగము తడబాటుతో గడిపి, కూటమి పోటీలు మొదలగునప్పటికే పది యాటలు ఓడియుండెను. ఆ కొద్ది దినములలో మాత్రము ఓడలేదు. కూటమి కప్పు గెలిచి, దాని బలముతో జాతీయ పోటీలకు పోయి, అక్కడను తుదియాటలో హ్యూస్టన్ జట్టును 54-52తో ఓడించి దేశ విజేతయయ్యెను. మొదటి కథలో ద్వారము మూసికొన్నది, రెండవ కథలో తెరచుకొన్నది. ద్వారము ఒక్కటే.

మన పిల్లలకును అట్టి ద్వారమొకటి కలదు. అది విశ్వవిద్యాలయపు అంతర కళాశాలా టోర్నమెంటు. మన తల్లిదండ్రులలో పలువురు దీనిని పిల్లల కాలక్షేపముగ భావించుచున్నారు గనుక కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. ఒక విశ్వవిద్యాలయమునకు అనుబంధించిన కళాశాలలు ఆ టోర్నమెంటులో ఆడును. ఆ యాటలను చూచి ఎన్నిక సంఘమువారు పండ్రెండుగురిని విశ్వవిద్యాలయపు జట్టునకు ఏరుదురు. ఆ జట్టు దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పోవును. అక్కడ మొదటి నాలుగు స్థానములు పొందిన జట్లు అఖిల భారత పోటీలకు పోవును. కళాశాల ఓడినను ఆటగాడు బాగుగ ఆడినచో ఏరబడవచ్చును. కాని మొదటి యాటకే ఇంటికి పోయిన జట్టులోని పిల్లవానిని ఎన్నిక సంఘమువారు ఎంతసేపు చూతురు?

పూర్వము ఈ దారి చాల దూరముగ నుండెను. మధుర విశ్వవిద్యాలయము 1966లోను, కోయంబత్తూరున భారతియార్ విశ్వవిద్యాలయము 1982లోను ఏర్పడువరకు ఈ రెండు ప్రాంతముల కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయమునకు చెందియుండెను. నాటి పిల్లలు మదరాసు జట్లతో పోటీపడి ఆ పండ్రెండుగురిలో చోటు సంపాదింపవలసి వచ్చెను. ఇప్పుడు దారి దగ్గరైనది గాని చిత్రముగ చీలినది. ఇంజనీరింగు కళాశాలలు 2001 చట్టము పిమ్మట అన్నా విశ్వవిద్యాలయము క్రిందికి పోయినవి. అందుచేత పీళమేడులో ఒక్క ధర్మసంస్థ నడుపు రెండు కళాశాలలలో చదువు అన్నదమ్ములు, ఒకడు ఆర్ట్స్ విద్యార్థియు మరియొకడు ఇంజనీరింగు విద్యార్థియు నైనచో, వేరువేరు విశ్వవిద్యాలయముల టోర్నమెంటులలో ఆడవలెను. ఒకే వంటయింట భోజనము చేసి పోవు అన్నదమ్ములు దక్షిణ మండల పోటీలలో ఎదురెదురు జట్లుగ నిలుచుటకు గూడ వీలున్నది.

ఈ జట్టులో చోటు ఎందుకంత విలువైనదని అడుగవచ్చును. కేంద్ర ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారులను నియమించుటకు గుర్తింపబడిన అర్హతలు కొన్ని కలవు. దేశము పక్షమున ఆడుట, జాతీయ పోటీలలో రాష్ట్రము పక్షమున ఆడుట, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో విశ్వవిద్యాలయము పక్షమున ఆడుట, పాఠశాలల జాతీయ క్రీడలలో రాష్ట్ర పాఠశాలల పక్షమున ఆడుట — ఇట్టివి. విశ్వవిద్యాలయ క్రీడాధికారి సంతకము చేసిన పత్రము చేతనున్నవాడు రైల్వేలలోను, ఆదాయపు పన్ను శాఖలోను క్రీడాకారుల నియామకములకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దక్షిణ రైల్వే, పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు జట్లలో ఆడి జీవితమున స్థిరపడినవారు తమిళనాట ఎందరో కలరు. మనము ఎంత పెద్ద వెండి కప్పు ఇచ్చినను, ఎంత రంగుల ప్రశంసాపత్రము అచ్చు వేయించినను, ఈ యర్హతల పట్టికలో దానికి చోటు లేదు. మన కప్పు అలమారులో నుండును. విశ్వవిద్యాలయ పత్రము అన్నము పెట్టును.

ఇక్కడ మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. కొన్ని యేండ్ల క్రిందట మా మేనల్లుడు ఒక కళాశాల జట్టులో ఆడుచుండెను. ఆఖరు సంవత్సరము. అంతర కళాశాలా పోటీలలో వారి జట్టు సెమీ ఫైనలుకు వచ్చినది. ఆ దినముననే మా బంధువుల యింట పెండ్లి, అదియు ఊరు దాటి. పిల్లవాడు మా యొద్దకు వచ్చి, "మామా, మీరొక్క మాట చెప్పితే నాయన వింటాడు. ఆట ముగిసిన వెంటనే బస్సెక్కి రాత్రికే వచ్చేస్తాను" అని బ్రతిమాలెను. మేము చెప్పలేదు. పైగా, "ముహూర్తము మరల రాదు, బంతి రేపును ఉండును" అంటిమి. అవ్వ మాత్రము, "పోనీయండిరా, వాడు తాళి కట్టవలెనా యేమి" అన్నది. ఆమె మాటను ఎవ్వరును లెక్కచేయలేదు. పిల్లవాడు పెండ్లికి వచ్చి పందిట్లో పీటలు మోసెను. వారి జట్టు ఓడినది. ఎన్నిక సంఘమువారి కండ్ల ముందు ఆ దినము అతడు లేడు, పండ్రెండుగురిలోను లేకపోయెను. ఇప్పుడతడు తండ్రి వ్యాపారమును చూచుకొనుచు సుఖముగనే యున్నాడు, మమ్ము ఒక్క మాటయు అనలేదు. అయినను బంతి రేపును ఉండునని చెప్పినవారము మేమే. ఆ బంతి రేపు లేకపోయెను.

ఇట్టి కథలు మనలో ఇంకను కొన్ని యుండును. మనకు ముహూర్తములపైనున్న శ్రద్ధ, పిల్లల ఆట దినముపై లేదు. మరియొక సాకు గూడ వినుచున్నాము: మన పిల్లలు పొట్టివారు, ఈ యాట పొడుగువారిది యని. అమెరికా దేశపు మగ్సీ బోగ్స్ ఎత్తు ఐదడుగుల మూడంగుళములు. ఇంతకుముందు చెప్పిన అట్లాంటిక్ కోస్ట్ కూటమిలోని వేక్ ఫారెస్ట్ కళాశాల పక్షమున ఆడి, 1987నుండి 2001వరకు వృత్తిజట్లలో ఆడెను. ఆ యెత్తువారు మన వీధికి నలుగురుందురు.

ఇక ఉత్తరములోని ముఖ్యాంశము: తెలుగువారికి మాత్రమే టోర్నమెంటు. ఇందుకు మేము సమ్మతింపలేము. జట్టు అనునది సంవత్సరము పాటు కలిసి సాధన చేసిన ఐదుగురి కూడిక. మన కోయంబత్తూరు కళాశాల జట్టు నొకదానిని పరికింపుడు: ఒకడు తెలుగు, ఇద్దరు తమిళులు, ఒకడు కన్నడము మాటలాడు దేవాంగ కుటుంబమువాడు, ఒకడు పాలక్కాడు వైపునుండి వచ్చినవాడు. మధురలోనైన సౌరాష్ట్ర కుటుంబమువాడొకడు చేరును. ఇందులోనుండి మన పిల్లవానిని మాత్రము లాగి, అట్లే లాగబడిన మరి నలుగురితో చేర్చి, రెండు దినములలో జట్టు అనిపించినచో అది జట్టు కాదు, పెండ్లి గుంపు. అంతకంటె ముఖ్యము, అతని జతగాండ్ర ముఖమును అతడు మరునాడు ఎట్లు చూచును? "మీ కప్పునకు మేము పనికిరామా" అని వారడిగిన ఏమని చెప్పును?

మన పెద్దలు ఏమి చేసిరో చూడుడు. 1924లో పీళమేడున పాఠశాల పెట్టినప్పుడు దానికి సర్వజన పాఠశాల యని పేరు పెట్టిరి. మన కులము పేరు పెట్టలేదు, మన భాష పేరు పెట్టలేదు. 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని పంచుకొనునపుడు నాలుగు భాగములు గాక ఐదు చేసి, ఐదవది ధర్మమునకు విడిచిరి. ఆ ధర్మమునుండి 1947లో ఆర్ట్స్ కళాశాలయు, 1951లో టెక్నాలజీ కళాశాలయు పుట్టినవి. ఐదవ భాగము ఎవరిది? సర్వజనులది. 1956లో వి. రంగస్వామి నాయుడుగారి పేరిటి విద్యాధర్మము స్థాపించిన కోయంబత్తూరు ఇన్స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోను తలుపువద్ద భాష అడిగినవారు లేరు. దక్షిణమున రాజపాళయమునకు చెందిన పి.ఎస్. కుమారస్వామి రాజాగారు 1949నుండి 1952వరకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగ నుండినవారు. తాము నివసించిన యింటినే గాంధీ కలై మన్రమునకు ఇచ్చివేసిరి. ఆ యింటి గడప అందరును దాటుచున్నారు. ఇంకను వెనుకకు పోయినచో తిరుమల నాయకుడు వండియూరున త్రవ్వించిన తెప్పకొలను కలదు. అందులో నీరు లేని యేండ్లలో మధుర పిల్లలందరును క్రికెట్టు ఆడెడివారు. రాజు దానికై త్రవ్వింపలేదు గాని, చూచినచో కోపపడి యుండడని మా నమ్మకము.

ఇతరులు మనలను ఎట్లు చూచుచున్నారో గూడ గమనింపుడు. కోయంబత్తూరు జిల్లా బాస్కెట్ బాల్ సంఘమువారు పురుషులకు నడుపు అఖిల భారత టోర్నమెంటులోని కప్పు నాచిముత్తు గౌండరుగారి పేరిటిది. మన నాయుళ్ల పిల్లలు అందులో ఆడలేదా? పి.ఎస్.జి. పేరిటి కప్పునకు గౌండర్ల పిల్లలు ఆడలేదా? పెరియకుళములో సిల్వర్ జూబిలీ స్పోర్ట్స్ క్లబ్బువారు వేసవిలో అఖిల భారత పోటీలు నడుపుచున్నారు. చిన్న ఊరు, పెద్ద జట్లు. ఆ జనసమూహమున చప్పట్లు కొట్టువాడు ఏ భాషవాడో చప్పట్లలో తెలియదు.

అయినను ఉత్తరము వ్రాసినవారి మనస్సులోని బాధను మేము గుర్తించితిమి. యువకులు సంఘమునకు వచ్చుట లేదు. ఇంటిలో తెలుగు అవ్వతోనే ఆగిపోవుచున్నది. కప్పు పెట్టినచో వత్తురు, వచ్చినచో నాలుగు తెలుగు మాటలు మాటలాడుకొందురు అని వారి యాశ. ఆశ మంచిదే. భాష కొరకు పోరాడవలసిన చోటు మాత్రము ఆటస్థలము గాదు, పాఠశాల. 2006 నాటి తమిళ బోధనా చట్టము పిమ్మట మన పిల్లలకు తెలుగు చదువు ఎట్లు నిలుచునో ఈ సభలో పలుమారు చర్చించితిమి. ఆ పని ఇంకను మిగిలియేయున్నది. అక్కడ ప్రత్యేక హక్కు అడుగుట న్యాయము, ఏలయనగా అక్కడ లేనిచో భాషయే పోవును. బంతికి అట్టి యవసరము లేదు.

పైగా, తెలుగువారితో కలిసి ఆడవలెనని కోరికయున్న పిల్లవానికి దారి లేకపోలేదు. విశ్వవిద్యాలయ జట్టులో చేరి దక్షిణ మండల పోటీలకు పోవలెను. అక్కడకు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయముల జట్లును వచ్చును. కోయంబత్తూరు తెలుగు విని విశాఖపట్టణము పిల్లవాడు కన్నులు పెద్దవి చేయును; మనవాడు అతని తెలుగును విని, సినిమాలో వలె నున్నదనును. ఇద్దరును ఒకరినొకరు వెక్కిరించుకొని స్నేహితులగుదురు. ఏ సంఘమును ఏర్పాటు చేయజాలని తెలుగు సభ అది. కోయంబత్తూరులోనే మేము చూచిన వేడుక యొకటి కలదు. ఒక ఆటలో మన పిల్లలిద్దరు, ఎదుటివారికి తెలియకుండ, బంతి ఎటు వేయవలెనో తెలుగులో కేకలు వేసికొనుచుండిరి. రెండు మూడు సారులు ఎత్తు పారినది. తరువాత ప్రతిసారియు ఎదుటి జట్టువాడు ముందే వచ్చి బంతిని లాగికొనసాగెను. విచారింపగా అతడును మనవాడే!

ఉత్తరములో బాలికల ప్రస్తావన లేదు. మరచిరని యనుకొందుము. ఆడువారికి సి.ఆర్.ఐ. కప్పు ఈ నగరముననే జరుగుచున్నది, మన యాడబిడ్డలును ఆడుచున్నారు. ఇకముందు చేయు ఏ యేర్పాటులోనైనను వారిని చేర్చియే లెక్క వ్రాయవలెను.

కావున కప్పునకు, పందిరికి, అచ్చుకూలికి, సన్మానపు శాలువలకు అగు సొమ్మును వేరొక విధముగ వినియోగింపవలెనని మా సూచన. అంతర కళాశాలా పోటీలలో ఆడు మన పిల్లలలో బూట్లు కొనలేనివారు కలరు. బూట్ల యడుగు అరిగినచో సిమెంటు నేలపై చీలమండ మెలిపడును. మెలిపడిన దానికి మంచి వైద్యునకు చూపింపక నూనె రాచి పంపుచున్నాము. దక్షిణ మండల పోటీలకు ఎన్నికైనవానికి దారిఖర్చు కొంత చేతినుండి పడును. ఎన్నికకు ముందు శిక్షణ శిబిరమునకు పోవుటకు మధుర, రాజపాళయము, తేని ప్రాంతముల పిల్లలకు ఒకరి యింట నాలుగు దినములు బస కావలెను. మన యిండ్లలో గదులు ఖాళీగనే యున్నవి. ఈ సహాయము పొందువాని జట్టులోని ఇతర భాషల పిల్లవానికి అవసరమున్నచో వానికిని ఇయ్యవలెను. బూటు కొలత అడుగుదుము గాని భాష అడుగము.

ఇంకొకటి, ఇది సొమ్ముతో పనిలేనిది. కళాశాలలవారు పోటీల పట్టికను ప్రకటించినప్పుడు దానిని మన వారపత్రికలో ముహూర్తముల పట్టిక ప్రక్కననే అచ్చు వేయింపవలెను. పెండ్లి నిశ్చయించువారు రెండింటిని చూచి నిశ్చయింతురు గాక. ఆట దినమున పెద్దలు వీలున్నవారు పోయి కూర్చుండవలెను. ఆట తెలియకపోయినను ఫరవాలేదు. బంతి బుట్టలో పడినప్పుడు లేచి నిలుచుటకు శాస్త్రజ్ఞానము అక్కరలేదు. మా మేనల్లుడు ఈ మారు మాతో వచ్చెదనన్నాడు. అవ్వయు వచ్చెదననుచున్నది, మెట్లు ఎక్కింపవలెను.

ఈ విషయము వచ్చు సర్వసభ్య సమావేశమున నిర్ణయమునకు వచ్చును. ఉత్తరము వ్రాసిన యువకులు తప్పక రావలెను; మా మాటలో పొరపాటున్నచో సభలోనే చెప్పవలెను. బూట్ల కొలతలు, శిబిరములకు బస ఇయ్యగలవారి పేర్లు ఆ దినమునకు ముందే కార్యదర్శిగారికి అందజేయవలెనని కోరుచున్నాము.